తోకమిరియాలు: పేరొకటి, సరుకులు రెండు

పచారీ వర్తకంలో తోకమిరియాలన్నా, చలవమిరియాలన్నా ఒకటే సరుకు. గింజకు కాడ అంటుకుని వుంటుంది గనుక మొదటి పేరు, ఒంటికి చలవ చేస్తుందన్న నమ్మకంతో రెండవ పేరు వచ్చాయి. ఇది ప్రధానంగా జావా పంట. పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వంటి వూళ్లలో చిల్లరగా గ్రాముల లెక్కన పోయే దినుసు. తాంబూలంలోకి, గొంతు బొంగురుకు, మూత్రంలో మంటకు వాడుతారు.

అయితే తోకవున్న మిరియం మరొకటి వున్నది. పశ్చిమ ఆఫ్రికా అడవులలో చెట్లకు ప్రాకే తీగకు కాసేది. పోర్చుగీసు వర్తకులు 1485 నాటికే దానిని బెనిన్ నుంచి ఓడలకెక్కించారు. వారు పెట్టిన పేరుకు కూడా అర్థం తోకమిరియమే! ఆ సరుకు వస్తే ఇండియా మిరియాల ధర పడిపోతుందని పోర్చుగల్ రాజు తరువాత దాని దిగుమతిని నిషేధించాడు. ధర నిలబెట్టడానికి పోటీ సరుకును రేవులోనే ఆపడం కొత్త విద్యేమీ కాదు.

నైజీరియాలో ఇబో ప్రజలు దీనిని ఉజీజా అంటారు. ఆకు, గింజ రెండూ పులుసులలో వేస్తారు. బాలింతలకు ఆ ఘాటు పులుసు పెట్టడం అక్కడి ఆచారం. మనవైపు పిప్పళ్లు, మోడి, శొంఠి దంచి కాయం పెట్టడం వంటిదే. మిరియం, పిప్పలి, చలవమిరియం, ఉజీజా అన్నీ ఒకే కుటుంబపు తీగలు.

చుట్టరికం వల్లనే చిక్కు. చలవమిరియాలలో ఆఫ్రికా గింజ కల్తీగా కలిసిన సంగతి ఔషధ గ్రంథాలకు ఎక్కింది. మందుల తయారీదారు సరుకు వాపసు చేస్తే రానుపోను బాడుగ వర్తకుని నెత్తినే పడుతుంది.

శాంపిల్ అరచేతిలో పోసుకుని చూస్తే చాలావరకు తెలుస్తుంది. చలవమిరియానికి కాడ తిన్నగా, ఒంటినిండా ముడుతలు. కొరికితే కాస్త చేదు, కర్పూరం వంటి వాసన. ఆఫ్రికా గింజకు కాడ వంకర, ముడుతలు తక్కువ. నోట్లో వేస్తే మామూలు మిరియం కారమే. అనుమానం తీరకపోతే లేబొరేటరీకి పంపాలి. అసలు చలవమిరియాల పొడి గాఢ గంధకామ్లంలో ఎర్రబారుతుంది. ఆ ఆమ్లంతో కొట్టులో ప్రయోగాలు పనికిరావు.

ఆర్డరులో ఉత్త ‘తోకమిరియాలు’ అని గాక ‘జావా చలవమిరియాలు’ అని వ్రాయించుకుంటే తగవు వచ్చిననాడు చేతిలో కాగితం వుంటుంది.