ఫిల్మ్‌నగర్ డైలాగుకు ఇంగ్లీషు సబ్‌టైటిల్

మన సినిమా డాలస్‌లో ఆడేటప్పుడు, అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల్లో చాలామందికి తెర అడుగున కనిపించే రెండు వరుసలే ఆధారం. ఆ వరుసలు తెలుగు నుంచే నేరుగా రావాలి. 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ నెట్‌ఫ్లిక్స్ ద్వారా అమెరికన్లకు చేరింది హిందీ డబ్బింగ్‌గా. మాట అలా చేతులు మారే కొద్దీ పలచబడుతుంది.

షూటింగ్ స్క్రిప్టును నమ్ముకుని పని మొదలుపెట్టకండి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో డైలాగు చివరి నిమిషం దాకా మారుతుంది. ఫైనల్ కట్ తీసుకుని, విన్న మాటనే రాసుకోండి. మాట మొదలైన చోటా, ఆగిన చోటా టైమ్‌కోడ్ వేయండి.

తర్వాత జాతీయాల పని. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ‘మా ఉప్పు తిన్నవాడే మా మీద కేసు వేశాడు’ అని ఊరి పెద్ద అన్నాడనుకుందాం. ఇంగ్లీషులోనూ ఉప్పు జాతీయం ఉంది కదా అని ‘వర్త్ హిజ్ సాల్ట్’ వైపు వెళ్లొద్దు. అది పనితనం గురించి, విశ్వాసం గురించి కాదు. ‘వి ఫెడ్ హిమ్. హి సూడ్ అజ్.’ చాలు. ఉప్పు పోయినా, అన్నం పెట్టిన చేతికి తగిలిన దెబ్బ మిగిలింది. ఆ సీన్‌లో విస్తరి ముందు కూర్చుని ఉప్పు అందుకుంటూ అన్నాడా? అప్పుడు ఉప్పును వదలకూడదు.

వ్యాకరణం కథను ముందే బయటపెట్టేయగలదు. ‘వచ్చారు’ అంటే ఆయనా, ఆవిడా, వాళ్లా? తెలుగు దాచగలదు, ఇంగ్లీషు కర్తను అడుగుతుంది. వచ్చింది ఒక్కరే అయితే క్రియను నామవాచకంలోకి మార్చి ‘వి హ్యావ్ ఎ విజిటర్’ అనండి, గుట్టు నిలుస్తుంది. ‘ఆ రాత్రి గదిలో వాణ్ణి చంపింది నేనే’ అన్నప్పుడు ‘నేనే’ చివర్న పడుతుంది. ఇంగ్లీషులో ‘ఐ’తో మొదలుపెడితే నటుడు నోరు తెరిచేలోపే ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. రెండు కార్డులుగా, అంటే తెర మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చే రెండు సబ్‌టైటిళ్లుగా విడగొట్టి, ‘ఇట్ వజ్ మి’ని రెండోదానికి దాచండి.

కోర్టు, పంచాయతీ సీన్లలో వాదం తప్పుగా ఉంటే తప్పుగానే ఉంచండి. ‘నీ అయ్య దొంగ, నువ్వు న్యాయం చెప్తావా?’ అనేది వాదం వదిలేసి మనిషి మీద పడటం. దాన్ని ‘నీ దగ్గర సాక్ష్యం లేదు’ అని సరిచేస్తే విలన్‌ను మీరే మర్యాదస్థుణ్ణి చేసినట్టు. హీరో జవాబు ఆ ‘దొంగ’ మాటనే పట్టుకుని వస్తుంది, కాబట్టి రెండు చోట్లా ‘థీఫ్’ అనే రాయాలి.

ఇక కొలత. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లీషు నిబంధనల్లో రెండు వరుసలకు మించకూడదు, వరుసకు 42 అక్షరాలు, కార్డు గరిష్ఠంగా 7 సెకన్లు. పట్టకపోతే ముందు పిలుపులు తీసేయండి. ‘బావా’ను మాత్రం ‘బ్రదర్-ఇన్-లా’ చేయకండి, అక్కడ ప్రేమ కథే చెడుతుంది. పేరు పెట్టి పిలిపించండి.

చివరగా తెలుగు రాని మనిషిని కూర్చోబెట్టి సినిమా వేయండి. తెరకేసి కాకుండా ఆ మనిషి ముఖంకేసి చూడండి. నవ్వు రావాల్సిన చోట రాకపోతే ఆ టైమ్‌కోడ్ రాసుకుని, ఆ కార్డు మళ్లీ రాయండి.