ముందు మార్కెట్‌కి వెళ్లు చెల్లీ, తర్వాతే పొలానికి

పిల్లలు బడికి వెళ్తున్నారు, అత్తగారి ఊళ్లో కౌలుకిచ్చిన ఎకరం ఉంది, దాన్ని మనమే చేసుకుంటే ఎలా ఉంటుందక్కా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఆ మాట వింటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. నాట్లు వేసేది మనం, కలుపు తీసేది మనం, పత్తి ఏరేది, మిరపకాయ కోసేది మనం. అయినా రైతు అనగానే అందరికీ మగమనిషే గుర్తొస్తాడు. లెక్కాపత్రం మన చేతిలో పెట్టుకుని, వ్యాపారంలా సాగు చేసే ఆడవాళ్లు ఊరికి పదిమందైనా ఉండాలని నా ఆశ.

కానీ చెల్లీ, ఏం పండించాలన్నది తర్వాత చూద్దువుగానీ, ఎవరికి అమ్ముతావో ముందు తేల్చుకో. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద రూపాయలు దాటిపోయింది. ఆ ధర చూసి ఎంతమంది నారు తెచ్చి నాటారో! ఆ కాయలన్నీ ఒక్కసారే మార్కెట్లో దిగాయి. సెప్టెంబరుకల్లా కిలో పది రూపాయల లోపే, కోత కూలీ కూడా గిట్టలేదు. నాటింది మంచి పంటే, పండింది కూడా బాగానే. ఈరోజు ధర చూసి నాటితే మన కాయ చేతికొచ్చేది రెండు నెలల తర్వాతే కదా, అక్కడే చేతులు కాలాయి.

అందుకే మొదటిసారి దిగేవాళ్లకి నేను రెండు రకాలు చెబుతాను. ఒకటి, త్వరగా చేతికొచ్చే ఆకుకూరలు. మెంతికూర, తోటకూర నెల లోపే కోతకొస్తాయి, కొత్తిమీరకి ఇంకో వారం పది రోజులు. అన్నీ ఒకేసారి చల్లేయకుండా వారానికి రెండు మళ్ల చొప్పున విత్తుకుంటూ పోతే రోజూ ఎంతో కొంత అమ్మకం ఉంటుంది. తప్పు జరిగినా నష్టం ఆ రెండు మళ్లతోనే పోతుంది.

రెండోది పండగని చూసి వేసే పంట. బంతిపూలే తీసుకో. దసరా అక్టోబరు మొదట్లో వస్తుందనుకుందాం. నారు ఎదగడానికి పాతిక రోజులు, నాటాక పూత రావడానికి ఇంచుమించు రెండు నెలలు. అంటే జూలై మొదటి వారంలో నారు పోసెయ్యాలి. తెలంగాణలో అయితే బతుకమ్మకి తొమ్మిది రోజులూ పువ్వు కావాలి, సద్దుల బతుకమ్మ నాడు ఎంత తెచ్చినా చాలదు. తర్వాత మూడు వారాలకి దీపావళి, అదే తోటలో తర్వాతి కోతలు దానికి పనికొస్తాయి. పది రోజులు ఆలస్యమైతే మాత్రం దసరా గిరాకీ చేజారుతుంది. పువ్వు దాచుకునే సరుకు కాదమ్మా, తేదీ మీదే దాని విలువంతా. క్యాలెండర్ ముందు పెట్టుకుని వెనక్కి లెక్కేసుకో.

అమ్మకానికి రైతుబజార్లు ఉన్నాయి. 1999 జనవరి 26న మొదలయ్యాయి అవి, రైతు నేరుగా అమ్ముకోవాలనే పెట్టారు. గుర్తింపు కార్డు తీసుకుంటే నీ కూర నువ్వే తూచి అమ్ముకోవచ్చు. మండీకి వేస్తే కమీషను, హమాలీ, ఆటో కిరాయి, పైగా తరుగు. ఇవన్నీ పోను చేతికెంత వస్తుందో విత్తనం కొనకముందే కాగితం మీద రాసుకో. అందులో నీ కూలీ కూడా వెయ్యి చెల్లీ. పొద్దున్నే లేచి కోసి, కట్టలు కట్టి, నీళ్లు చల్లి బుట్టలో సర్దేది నువ్వే. బయట మనిషిని పెడితే ఇవ్వాల్సిన డబ్బు ఎంతో అంతా నీ పేరున ఖర్చులో రాయి. మన కష్టానికి వెల కట్టకుండా చూసుకునే లాభం లాభం కాదు.

ఇప్పుడు అసలు మాట. ఆ ఎకరం ఎవరి పేరున ఉంది? పట్టాదారు పాసుపుస్తకం నీ పేరున ఉంటే బ్యాంకులో పంట రుణానికి నువ్వే వెళ్లొచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోపల కట్టేస్తే 4 శాతమే పడుతుంది. ఊళ్లో నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం! ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన వాటా ఇస్తూ మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలో, 1986లోనే చట్టం వచ్చింది. దేశమంతటికీ 2005లో గానీ రాలేదు. చట్టం ఉన్నా అడగడానికి మనకే మొహమాటం. పుట్టింట్లో గొడవ పెట్టుకోమనడం లేదు, అత్తింట్లో అయినా నువ్వు చేసే ముక్క నీ పేరుకి మార్చమని మీ ఆయన్ని కూర్చోబెట్టి అడుగు. కౌలు భూమైతే కాగితం రాయించుకో. ఆంధ్రలో కౌలుదారుకి పదకొండు నెలల సాగు హక్కు కార్డు ఇస్తారు. అదీ కుదరకపోతే నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి జేఎల్‌జీగా, అంటే ఉమ్మడి బాధ్యత సంఘంగా ఏర్పడితే బ్యాంకులు పూచీకత్తు లేకుండా అప్పిస్తాయి.

ఒంటరిగా భయమేస్తే జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లని గుర్తు తెచ్చుకో. వాళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు. సంఘంగా కలిసి బీడు భూములు బాగు చేసుకున్నారు, భూములు కౌలుకి తీసుకున్నారు. జొన్న, సజ్జ, కంది, అనుములు ఒకే చేలో కలిపి వేస్తారు. ఒకటి పోయినా ఇంకొకటి నిలబెడుతుంది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ అవార్డు వాళ్లని వెతుక్కుంటూ వచ్చింది.

పొలంలోకి దిగేముందు మట్టి పరీక్ష మానకు. చెట్టు నీడ, గట్టు పక్కన, ఎరువు కుప్ప పోసిన చోటు వదిలేసి, పొలంలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో ఇస్తే చాలు. బోరు నీళ్లు కూడా చూపించు.

మొదటి పంటకి అర ఎకరం మించి దిగకు, బంగారం తాకట్టు పెట్టకు. ఈ ఆదివారం దగ్గర్లోని రైతుబజారుకి వెళ్లి, పొద్దున ఆరు గంటల నుంచి పది దాకా అక్కడే ఉండు. ఏ కూర ముందు అయిపోతోందో, ఏది మిగిలిపోతోందో రాసుకో. ఆ చీటీ, మీ ఊరి పేరు, నీళ్ల సంగతి నాకు రాసి పంపు, ఏ పంటతో మొదలుపెట్టాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.