జల్లులో కోటప్పకొండ మెట్లు ఎక్కవచ్చా?

ప్రశ్న: నాకు 67, మా ఆవిడకు 62 ఏళ్లు. కార్తీకంలో కోటప్పకొండ మెట్లెక్కాలని మొక్కు. నాకు బీపీ, ఆమెకు మోకాళ్ల నొప్పి. తుంపర పడుతుంటే ఎక్కవచ్చా?
- నరసరావుపేట పాఠకుడు

జవాబు: బీపీ అదుపులో ఉండి, రోజూ అరగంట ఆయాసం లేకుండా నడవగలుగుతుంటే ఎక్కవచ్చు. అసలు జాగ్రత్త దిగేటప్పుడు కావాలి. ఎక్కేటప్పుడు గుండెకు శ్రమ. దిగేటప్పుడు ఒంటి బరువుకు కొన్ని రెట్ల భారం మోకాలి చిప్ప మీద పడుతుంది. తడిసిన రాతిమెట్టు మీద జారితే ఈ వయసులో తుంటి ఎముక విరిగే ప్రమాదముంది. 'ఏటా ఎక్కుతున్నాం కదా' అంటారేమో. పోయినేటి మోకాలు ఈ ఏటిది కాదు. 'చల్లగా ఉంది, అలుపు రాదు' అనుకున్నా, చల్లదనంలో దాహం తెలియదు గానీ చెమట పోతూనే ఉంటుంది.

అందుకే బీపీ మాత్ర మానకండి, గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగండి. పట్టున్న చెప్పులు వేసుకోండి. అమ్మగారు నొప్పి తక్కువున్న వైపు చేత్తో కర్ర పట్టుకోవాలి. ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు, దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు వేయాలి. దర్శనమయ్యాక ఘాట్ రోడ్డు మీదుగా బండిలో దిగండి. మొక్కుకు లోటు రాదు. వాన పెరిగితే ఎక్కడం కూడా బండిలోనే.

గుండెలో బరువు, కళ్లు తిరగడం, కూర్చున్నా తగ్గని ఆయాసం ఉంటే వెంటనే 108కు ఫోన్ చేయండి. మోకాలి వాపు రెండు రోజుల్లో తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి.