పాత వ్యానులో విద్యుత్తు భాగములను కనుగొను విధము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతులలో కొందరు పత్తిని, వేరుసెనగను మార్కెట్టుకు చేర్చుటకు పాత మారుతి ఓమ్ని వ్యానును వాడుచున్నారు. 1984లో మారుతి వ్యాను అను పేర వెలువడిన యీ బండి తయారు 2019లో ఆగిపోయినది. కావున నేడు మన యొద్ద నున్నవన్నియు పాతబడిన తీగలు గలవే.

ఒక పత్తికాలమున, రాత్రివేళ, ఒక రైతు బండి దీపము లారిపోయెను. అతడు తెగిన ఫ్యూజునకు మారుగా రాగితీగ చుట్టి బయలుదేరెను. కొంతదూరము పోవునప్పటికి తీగల తొడుగు కాలి పొగ లేచెను. వెనుక నున్నది విడిపత్తి! వెంటనే బ్యాటరీ తీగను విప్పుటచే బండియు, సరకును దక్కినవి. ఫ్యూజు తెగుట రోగము కాదు, రోగము కలదని తెలుపు గుర్తు మాత్రమే.

మగ్గముపై పోగు తెగినచో ఎమ్మిగనూరు నేతగాడు పడుగంతయు మార్చడు. తెగిన చోటు వెదకి అతుకును. మనమును అట్లే చేయవలెను. విద్యుత్తు బ్యాటరీనుండి ఫ్యూజునకు, అచ్చటినుండి స్విచ్చికి, పిదప దీపమునకు పోయి, బండి ఇనుప ఒడలిద్వారా తిరిగి బ్యాటరీని చేరును. ఈ త్రోవ ననుసరించియే వెదకుడు.

1. బ్యాటరీ: ఇది 12 వోల్టులది. దీని ఋణధ్రువపు తీగ బండి ఒడలికి బిగింపబడి యుండును. అచ్చట త్రుప్పు పట్టినచో దీపములన్నియు మందగించును. ఏ పనికైనను ముందు ఈ తీగను విప్పుడు.

2. ఫ్యూజు పెట్టె: చోదకుని ముందరి పలకకు అడుగుభాగమున వెదకుడు. ప్లాస్టిక్కు ఫ్యూజులలో ఎరుపు 10, నీలము 15, పసుపు 20 ఆంపియర్లవి. తెగినదానికి బదులు అదే అంకెగలది పెట్టవలెను. అదియు తెగినచో మూడవది పెట్టక, తీగ ఎచ్చట ఒరసికొన్నదో చూడుడు. ఇంజను ముందు సీట్ల క్రిందనే యుండుటచే ఆ వేడిమి తగులు తీగలను మొదట పరీక్షింపుడు.

3. మీటర్లు: వేగము చూపు ముల్లు కదలనిచో విద్యుత్తును నిందింపకుడు. పాత బండ్లలో అది గేరు పెట్టెనుండి వచ్చు కేబులువలన తిరుగును. పెట్రోలు ముల్లొక్కటియే పనిచేయనిచో ట్యాంకులోని తేలుబెండును, దాని తీగను చూడుడు. పెట్రోలు ముల్లును, వేడిమి ముల్లును ఒకేసారి నిలిచినచో, రెంటికిని వచ్చు ఉమ్మడి తీగయందో ఫ్యూజునందో దోషముండును.

4. హెచ్చరిక దీపములు: తాళము త్రిప్పినప్పుడు చమురు దీపమును, బ్యాటరీ దీపమును వెలిగి, ఇంజను నడువగానే ఆరవలెను. మొదటనే వెలుగనిచో బల్బో తీగయో చెడినది. నడచుచుండగా చమురు దీపము వెలిగినచో ఇంజనును తక్షణమే ఆపుడు. బ్యాటరీ దీపము వెలిగినచో ఆల్టర్నేటరు బెల్టు వదులైనదేమో చూడుడు.

మీ బండిలో ఏ భాగ మెచ్చట నున్నదో పగటివేళ, తీరికగా చూచి, ఒక కాగితముపై వ్రాసి తలుపు లోపల అంటింపుడు. దాని చెంత నాలుగు ఫ్యూజులను, ఒక టార్చిని ఉంచుడు. పత్తి నింపిన పిదప వెదకుటకంటె నింపకముందు తెలిసికొనుట మేలు.