ఏ నీళ్లో తేలేదాకా సీలెంట్ ముట్టుకోకు



అల్లుడూ, నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నీ మోటర్‌హోమ్ కుడివైపు కింది అరల్లో రెండోదానిలో కార్పెట్ తడిసి నల్లబడింది, మూలనున్న అట్టపెట్టె అడుగు ఊడింది. ఫొటోల కింద నువ్వు రాసింది చదివాక, ఫోన్లో రెండు ముక్కలు చెబితే సరిపోదనిపించింది. శనివారం నాలుగు సిలికోన్ ట్యూబులు తెచ్చి తలుపుల చుట్టూ, కనబడ్డ కన్నానికల్లా పట్టించేస్తానన్నావు. ఆగరా బాబూ.

మోటర్‌హోమ్ కింది అరల్లోకి నీళ్లు రావడానికి దారులు చాలా ఉన్నాయి. వాన తలుపు సందులోంచి రావచ్చు. టైర్లు ఎగజిమ్మిన నీళ్లు చక్రాల పక్కన ఉండే అతుకుల్లోంచి దూరవచ్చు. పైకప్పు మీద పడ్డది గోడ లోపల్నుంచి దిగి రావచ్చు. బండిలోని ట్యాంకో, పైపో, వాటర్ హీటరో కారవచ్చు. ఇవేవీ కాకుండా, మీ సియాటిల్ చలికి లోపలి తేమే రేకుకి పట్టి బొట్లుగా రాలవచ్చు. ఏ నీళ్లో తెలుసుకోకుండా సీలెంట్ పూస్తే, లోపలికి రావడం ఆగదు సరికదా, బయటికి పోవాల్సిన దారి మూసుకుపోతుంది.

ముందు బయటి కరెంటు తెచ్చే షోర్ పవర్ ప్లగ్ పీకు. జనరేటర్, ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ డిస్కనెక్ట్ స్విచ్ తిప్పేయ్. ఆ అరల వెనకాలే 120 వోల్టుల వైర్లు పోతుంటాయి, తడి చేతులతో అక్కడ తడమకు. తర్వాత కార్పెట్ పూర్తిగా పీకి పారెయ్. ఆరబెట్టి మళ్లీ పరుద్దామనుకోకు, దాని అడుగు ఆరదు. తలుపులు తెరిచి, ఇంటి కరెంటుతో ఫ్యాను పెట్టు. 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. కింద చెక్క ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా నొక్కి చూడు. మెత్తగా దిగితే అది ఈ వానకి తడిసింది కాదు, చాలాకాలంగా నానుతున్నదే. హార్డ్‌వేర్ షాపులో తేమ కొలిచే మీటరు దొరుకుతుంది, ఒకటి కొని దగ్గర పెట్టుకో.

ఆరిన తర్వాత తేల్చాల్సింది ఒక్కటే: బయటి నీళ్లా, లోపలి నీళ్లా? మీ ఊళ్లో వాన ఆగదు గనక బండిని ఏదైనా షెడ్డు కిందికి తోలు. మంచినీళ్ల ట్యాంకు నింపి, నీళ్లకి రంగు బాగా తేలేంత ఫుడ్ కలర్ వెయ్యి. (పసుపు వేస్తే పోలేదా అంది మీ అత్త. ట్యాంకూ పైపులూ జన్మలో తెల్లబడవు, ఆ పని చెయ్యకు.) ప్రతి ఫిట్టింగ్ కిందా, పంపు కిందా, హీటర్ వెనకాలా తెల్ల టిష్యూ పరుచు. బ్యాటరీ స్విచ్ మళ్లీ వేసి, పంపు ఆన్ చేసి, కుళాయిలన్నీ కట్టేసి ఊరికే కూర్చో. ప్రెషర్ ఎక్కగానే పంపు ఆగిపోవాలి. ఎవరూ కుళాయి తిప్పకుండానే కాసేపటికి మళ్లీ గుర్రుమంటే, పంపు అవతల ఎక్కడో కారుతున్నట్టు. ఒక్కోసారి పంపులోని వాల్వు పాడై నీళ్లు వెనక్కి ట్యాంకులోకే జారుతుంటాయి. అప్పుడు పంపు మోగుతుంది కానీ టిష్యూ తడవదు. అందుకే చెవినొక్కదాన్నే నమ్మకు, టిష్యూకి రంగు అంటిందా లేదా చూడు. పరీక్ష అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి కడిగెయ్.

పంపుతో ఏమీ తేలకపోయినా లోపలి నీళ్లు కావని తీర్మానించకు. ఆర్‌వీ పార్కులో నీళ్ల గొట్టం తగిలించే సిటీ వాటర్ ఇన్‌లెట్ ఉంది చూశావూ, అది పైకి మెరుస్తూనే ఉంటుంది. దాని ప్లాస్టిక్ వెనకభాగం చిట్లితే గొట్టం తగిలించినప్పుడే కారి, తీసేయగానే ఆగిపోతుంది. ఇంటికొచ్చి చూస్తే అంతా పొడిగా కనిపిస్తుంది. అద్దం ముక్కా టార్చీ పట్టుకుని, గొట్టం తెరిచి ఉంచి దాని వెనకాల చూడు. పార్కుల్లో ప్రెషర్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అందుకే గొట్టానికి రెగ్యులేటర్ లేకుండా ఎక్కడా తగిలించకు, 40 నుంచి 50 పీఎస్ఐ మధ్యలో ఉంచు. ఇవి చిట్లకుండా, గడ్డ కట్టే చలి రాకముందే పైపుల్లో నీళ్లు తీసేసి, ఆర్‌వీల కోసం అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోయాలి. కారు రేడియేటర్లో పోసేది విషం, తాగే నీళ్ల పైపుల్లోకి అది రానే కూడదు.

లోపలంతా పొడిగా తేలితే ఇక బయట. నీరు పల్లమెరుగు అంటాం కానీ, బండి దగ్గర ఆ మాట సగమే నిజం. గాలి తోసినప్పుడు సందుల్లో నీళ్లు పైకీ ఎక్కుతాయి. బండి కాస్త ముందుకి వాలి నిలబడితే, వెనక మూలన పడ్డ నీళ్లు ముందు మూలన తేలతాయి. అందుకే తడి కనిపించిన చోటుకన్నా, ఎప్పుడు తడిసిందో ఎక్కువ చెబుతుంది. నిలబెట్టి ఉంచిన బండి వానకి తడిస్తే తలుపు మీదో పైకప్పు మీదో అనుమానపడు. ఇంటి ముందు పొడిగా ఉండి, వానలో హైవే ఎక్కితేనే తడిస్తే చక్రాల వైపు అతుకులు చూడు. వాన లేకుండా, చలి రాత్రి తెల్లారేసరికి రేకు కింది ముఖమంతా సన్న బొట్లు పట్టి ఉంటే అది లీకే కాదు, లోపల గాలి ఆడేలా చూసుకోవాలి, అంతే. ఎండాకాలం ఏసీ నడిపిన రోజునే తడిస్తే, పైన ఏసీ నీళ్లు గోడ వెంట జారి తలుపు నెత్తిన పడుతున్నాయి.

తలుపు సంగతి తేల్చడం సులువు. కాగితం ముక్క రబ్బరు బీడింగు మీద పెట్టి తలుపు గడియ వేసి లాగు. బిగుతుగా రావాలి. చుట్టూ జానెడు జానెడు దూరంలో లాగి చూడు. పై మూలల దగ్గర జారిపోతే నాకేం ఆశ్చర్యం ఉండదు. రబ్బరు వంపు తిరిగే ఆ మూలల్లోనే లోపలి గుల్ల ముందుగా అణిగిపోతుంది. తర్వాత గార్డెన్ గొట్టం పట్టు. కింద నుంచి మొదలుపెట్టి, ఒక్కోచోట కొన్ని నిమిషాలుంచి పైకి రా. మొదటే పైన పోస్తే అంతా తడిసి ఏ సందో తేలదు. నీది అటూఇటూ తెరుచుకునే అర కాబట్టి, అవతలి తలుపు తీసి టార్చీతో అమ్మాయిని చూడమను. పిల్లాడు లోపలికి దూరతానంటాడు, ఒప్పుకోకు.

తలుపే దొంగ అయితే సీలెంట్ పని లేదు. పాత బీడింగు పీకి, అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అదే ఆకారం, అదే మందం ఉన్నది అతికించు. సాగదీయకు, తర్వాత కుంచించుకుపోయి సందు పడుతుంది. రెండు కొసలు కలిసే అతుకు తలుపు కింది అంచులో రావాలి, పైన కాదు. గడియ వదులైతే అది కూడా సర్దు. తలుపు నెత్తిన వాన జారగొట్టే సన్న పట్టీ ఉంటుంది, పెంకుటింటికి చూరులాంటిది. అది ఊడినా, మట్టి పట్టినా ఎంత మంచి రబ్బరు వేసినా దండగే.

పైకప్పు అయితే సీలెంట్ కావాలి, అది కూడా సిలికోన్ కాదు. ఒకసారి సిలికోన్ పూసిన చోట మరో సీలెంట్ పట్టదు, తర్వాత గీకి తీయలేక ప్రాణం పోతుంది. వెంట్ల చుట్టూ డైకార్ లాంటి ల్యాప్ సీలెంట్, బద్దీల కింద బ్యూటైల్ టేప్ వాడతారు. నీ కప్పు ఏ రకమో చూసుకుని దానికి సరిపడేది కొను.

ఇక నువ్వు మూసేస్తానన్న కన్నాలు. ప్రొపేన్ సిలిండరున్న అర అడుగున రంధ్రాలు కావాలనే పెట్టారు. ఆ గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే కిందికి పోవాలి. అవి మూస్తే అర బాంబు అవుతుంది. బ్యాటరీ అరకీ గాలి గొట్టం ఉంటుంది, దాని జోలికీ పోకు. కిటికీ ఫ్రేము అడుగున చిన్న చీలికలు నీళ్లు బయటికి పోవడానికే. అర నేలలో రంధ్రం ఉంటే పుల్లతో పొడిచి శుభ్రం చెయ్యి, మూయకు. పైపులూ వైర్లూ నేలని దాటే చోట మాత్రం ఖాళీ కనిపిస్తే నింపు.

అట్టపెట్టెలు ఇక పెట్టకు. మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు కొని, కింద చిల్లుల ప్లాస్టిక్ పలకలు పరిచి వాటి మీద పెట్టు.

రంగు పరీక్ష ఆదివారం చెయ్యి. ఏ టిష్యూకి అంటిందో ఫొటో తీసి పెట్టు, దాన్ని బట్టి ఏ ఫిట్టింగు కొనాలో చెబుతాను. ట్యూబులు ఈపాటికే కొనేసి ఉంటే రసీదు పారెయ్యకు, వెనక్కి తీసుకుంటారు.

మావయ్య