తెర వెలగనప్పుడు: పెద్దల కోసం ఒక కంప్యూటరు పాఠం

ఇంటి పన్ను చెల్లింపు, పింఛనుదారుల జీవన ధ్రువీకరణ, దూరాన ఉన్న మనుమలతో ముచ్చట్లు నేడు కంప్యూటరు తెర మీదనే సాగుతున్నాయి. ఆ తెర హఠాత్తుగా నల్లబడితే, తామేదో నొక్కి పాడుచేశామని పెద్దలు భయపడడం సహజం. అయితే బల్ల మీది కంప్యూటరులో తెర వేరు, సీపీయూ వేరు. ఫోటోలు, పత్రాలు ఉండేది సీపీయూలో. తెర వెలగలేదన్న ఒక్క కారణంతో ఫార్మాట్ చేయాలని మరమ్మతుదారు అంటే ఒప్పుకోకండి. అలా చేస్తే లోపలివన్నీ చెరిగిపోతాయి.

ముందుగా తెర అంచున ఉండే చిన్న దీపాన్ని గమనించండి. అది వెలగకపోతే విద్యుత్తు అందడం లేదేమో, స్విచ్చి, ప్లగ్గు చూడండి. (ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ప్లగ్గు వదులవడం మన ఇళ్ళలో కొత్త కాదు.) దీపం వెలుగుతూ ‘నో సిగ్నల్’ అన్న మాట కనబడితే, తెరకు చిత్రం అందడం లేదని అర్థం. సీపీయూ నిద్రావస్థలో ఉండవచ్చు. ఒక మీట నొక్కి చూడండి. ఫలితం లేకుంటే రెండింటినీ ఆపి, వాటిని కలిపే కేబులును రెండు చివరలా తీసి మరల బిగించండి. విండోస్ నడుస్తూనే తెర నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను ఒకేసారి నొక్కవచ్చు. తెరచి ఉన్న పత్రాలకు దానివల్ల నష్టం లేదు.

అప్పటికీ చీకటే అయితే సీపీయూను హెచ్‌డీఎంఐ కేబులుతో ఇంట్లోని టీవీకి కలపండి. టీవీలో చిత్రం వచ్చిందంటే మరమ్మతు కావలసింది తెరకు మాత్రమే. గది దీపాలు ఆర్పి, నల్లని తెర మీద టార్చిలైటును ఏటవాలుగా వేసి చూడండి. లీలగా బొమ్మ కనబడితే తెర వెనుక వెలుగునిచ్చే భాగం చెడినట్లు. ఆ పని నిపుణునిదే. తెర వెనుక మూత మీరు విప్పవద్దు.

తెర పసుపుపచ్చగా కనిపించడం వేరొక చిక్కు. నీలిరంగు తలతో, ఇరువైపులా మరలతో ఉండే పాత వీజీఏ కేబులు వదులైతే నీలివర్ణం అందక తెర పచ్చబడుతుంది. ఇది ఒక్కసారిగా జరుగుతుంది. కంటిలో శుక్లం పెరిగినా తెల్లనివి పచ్చబారినట్లు తోస్తాయి, కానీ అది నెలల తరబడి మెల్లగా వస్తుంది. తెల్లకాగితాన్ని తెర పక్కన పట్టి చూడండి. కాగితమూ పచ్చగా ఉంటే కేబులు సంగతి వదలి కంటివైద్యుని వద్దకు వెళ్ళడం మేలు.

అక్షరాలు చిన్నవైతే చాలామంది రిజల్యూషన్ తగ్గిస్తారు. అది సరికాదు, అక్షరం పెద్దదవుతుంది కానీ అలుక్కుపోతుంది. ఇంగ్లీషుకు అది కొంత చెల్లినా, ఒత్తులూ గుణింతాలూ ఉన్న తెలుగుకు చెల్లదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరచి, స్కేల్ అన్నచోట 125 లేదా 150 శాతం ఎంచుకోండి. తెలుగుకు బదులు ఖాళీ గడులు కనబడితే లోపం ఫాంటుది, తెరది కాదు. బైఫోకల్ కళ్ళద్దాలవారు తెరను కొంత దించి పెట్టుకుంటే మెడ ఎత్తి చూసే బాధ తప్పుతుంది.

ఇక తెర నిండా ఎర్రని హెచ్చరిక పరచుకొని, వైరస్ వచ్చింది, ఈ నంబరుకు ఫోను చేయండి అంటే అది మోసం. ఆ నంబరుకు చేయవద్దు. ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కండి. పోకుంటే పవర్ మీటను కొన్ని క్షణాలు అదిమి ఉంచి కంప్యూటరును ఆపివేయండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయక 1930కు ఫోను చేసి, మీ బ్యాంకుకూ తెలపండి.