కీలుబొమ్మను కొలిచి చూద్దాం

సావనీరులో బొమ్మల మీద వ్యాసమేమిటని నవ్వే మిత్రులకు ముందుగా ఒక మనవి. బహదూర్‌పల్లిలోని మన హాస్టలు గదుల్లో ఎన్ని టేబుళ్ల మీద పుస్తకాల పక్కన అంతరిక్ష వీరులూ, మరమనుషులూ నిలబడి ఉన్నారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఒక్కొక్కటి కొనాలంటే ఎన్ని సినిమాలు, ఎన్ని బిర్యానీలు మానుకోవాలో కొన్నవాళ్లకు తెలుసు. ఇంత చేసీ, కొనేముందు మనం చూసేది పెట్టె మీది రంగుల ఫోటో ఒక్కటే. నేనూ అంతే చూశాను. రూ. 2,800 పోగొట్టుకున్నాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మను తెచ్చినప్పుడు, ‘డాల్’ అంటే మగపిల్లలు ముట్టరని దానికి ‘యాక్షన్ ఫిగర్’ అని పేరు పెట్టింది. మనకంత అవస్థ లేదు, ‘కీలుబొమ్మ’ అనే చక్కని మాట ఎప్పటినుంచో ఉంది. కాకపోతే మన మాటలో ఎవరో ఆడిస్తే ఆడేది కీలుబొమ్మ. ఇది ఎవరూ పట్టుకోకుండా నిలబడాలి. తేడా అంతా అక్కడే ఉంది.

1977లో ‘స్టార్ వార్స్’ సినిమా వచ్చాక, మరుసటి ఏడు కెన్నర్ కంపెనీ మూడుముప్పావు అంగుళాల బొమ్మలు అమ్మింది. వాటికి మెడ, రెండు భుజాలు, రెండు తొడలు, అంతే, అయిదు కీళ్లు. 1982లో జి.ఐ. జో అదే కొలతకు దిగివచ్చి మోచేతులూ మోకాళ్లూ వంచింది. ఆ బొమ్మ నడుము లోపల ఒక చిన్న రబ్బరు రింగు ఉంటుంది. మొండేన్నీ కాళ్లనూ కలిపి పట్టేది అదే. రబ్బరు ఎండి తెగితే వీరుడు రెండుగా విడిపోతాడు. వీపు మీది స్క్రూ విప్పి కొత్త రింగు వేస్తే మళ్లీ లేస్తాడు. 1987లో ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రో కలిసి మనదేశంలో పెట్టిన ఫన్‌స్కూల్ ఈ జో బొమ్మలను ఇక్కడే తయారుచేసింది. మన రంగుల్లో వచ్చిన ఆ జోలను విదేశాల వాళ్లు ఈనాటికీ వెతికి కొంటారు.

కనుక మొదట చూడవలసింది ముఖం కాదు, కీలు. మన కొండపల్లి బొమ్మలో తెల్లపొణికి ముక్కలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అక్కడ అతుకు కనబడకపోవడమే పనితనం. ఇక్కడ అతుకు కదిలి, కదిలిన చోట ఆగడం పనితనం. చేయి పైకెత్తి ఆయుధం పట్టించి వదిలేయండి. తెల్లవారేసరికి చేయి దిగిందా, బొమ్మ ముందుకు ఒరిగిందా చూడండి. మే నెల ఎండల్లో మెత్తని చీలమండలు బరువుకు మెల్లగా వంగిపోతాయి. కీలు మరీ బిగుసుకుపోతే బలవంతంగా తిప్పవద్దు. ఇరుసు దగ్గర ప్లాస్టిక్ తెల్లబడిందంటే విరగడానికి సిద్ధంగా ఉన్నట్టే. కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచి తిప్పితే చాలావరకు లొంగుతుంది.

తరువాత ప్లాస్టిక్. జీడిమెట్ల షెడ్లలో బకెట్లు, మూతలు ఎలా పోస్తారో ఇవీ అలాగే పోస్తారు. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి నెట్టి, చల్లార్చి తీస్తారు. అచ్చు రెండు సగాలూ కలిసిన చోట సన్నని గీత పడుతుంది. మంచి పనివాడు దాన్ని పక్కకో, కవచం అంచు కిందికో దాచేస్తాడు. బుగ్గ మీదుగా పోయిందంటే అచ్చు చేసినవాడికి ఆ బొమ్మ మీద గౌరవం లేదన్నమాట. పట్టుకుంటే జిగటగా ఉంటే, మెత్తని పి.వి.సి.లో కలిపిన నూనెలాంటి పదార్థం పైకి ఊరుతున్నట్టు. అటువంటిదాన్ని గాలాడని కవర్లో పెట్టి అటక మీద పడేస్తే ఇంకా పాడవుతుంది. రంగు సంగతి పెద్దగా చెప్పక్కరలేదు. రెండు కళ్లూ ఒకే వైపు చూస్తున్నాయా, చూడండి చాలు.

ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంది కదా అంటారు కొందరు. 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటబొమ్మలకు అది తప్పనిసరి అయింది, మంచిదే. అయితే అది పిల్లలకు హాని లేదని చెప్పే గుర్తే గాని, చెక్కడం బాగుందని చెప్పేది కాదు.

ఇక నా రూ. 2,800. నగరంలో ఒకచోట కొన్నాను, ఎవరి దగ్గరో అనవసరం. సీలు వేసిన పెట్టె, మెరిసే కవచం. మా రూమ్మేటు దగ్గర అదే వీరుడు ఉన్నాడు, వాళ్ల అన్నయ్య విదేశం నుంచి తెచ్చింది. పక్కపక్కన పెడితే నాది కొంచెం బక్కగా తోచింది. “నీ కళ్లలో అసూయ ఉందిరా, కొలువు” అన్నాడు వాడు. ఫస్టియర్‌లో ‘ఇదెందుకు పనికొస్తుంది’ అని విసుక్కున్న వెర్నియర్ కాలిపర్స్ అప్పుడు గుర్తొచ్చింది.

తల నుంచి మడమ దాకా కొలిస్తే కీళ్లు వంగి లెక్క తప్పుతుంది. అందుకని ఒకే ముక్కగా ఉన్న ఛాతీ కవచాన్ని మూడుసార్లు కొలిచాం. వాడిది 46.8 మి.మీ., నాది 46.5. మూడు గీతల తేడా! కారణం చిన్నదే. ఎ.బి.ఎస్. ప్లాస్టిక్ అచ్చులో చల్లారేటప్పుడు వెయ్యికి నాలుగు నుంచి ఏడు వంతుల దాకా కుంచించుకుంటుంది. అసలు కంపెనీ ఆ మేరకు అచ్చును పెద్దదిగా కోస్తుంది. నకిలీవాడు తయారైన బొమ్మ మీదనే అచ్చు తీస్తాడు, కాబట్టి వాడిది ఇంకోసారి కుంచించుకుంటుంది. కవచం మీది అక్షరాలు, మరమేకుల గుర్తులు కూడా అరిగినట్టు మొద్దుబారతాయి. అసలు అచ్చునే దొంగదారిన వాడుకుని పోసిందయితే మాత్రం ఈ కొలతకు దొరకదు. అప్పుడు మళ్లీ కీళ్ల దగ్గరికే రావాలి.

తిరిగి ఇవ్వబోతే పెట్టె విప్పేశారుగా అన్నారు. పెట్టె విప్పకుండా కొలిచేదెలా అని నేను అడగలేదు, అడగవలసింది.

ఆ బక్క వీరుడు ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉన్నాడు. పొద్దున దుండిగల్ నుంచి శిక్షణ విమానాలు మీదుగా పోయినప్పుడల్లా ఎడమ పక్కకు కాస్త ఒరుగుతాడు. చేత్తో తాకి చూడాలనుకునే జూనియర్లు ఎప్పుడైనా రావచ్చు. వెర్నియర్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.